మైదానం దాటిన తరువాత

1905లో అమెరికా కళాశాలల ఫుట్‌బాల్ మైదానాల్లో విద్యార్థులు చనిపోతూండగా, అధ్యక్షుడు థియడోర్ రూజ్‌వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ ప్రతినిధులను శ్వేతసౌధానికి పిలిపించారు. ఆ కలవరం నుంచే మరుసటి ఏడు, నేడు ఎన్‌సీఏఏ అని పిలిచే సంఘం ఏర్పడింది. దాని అత్యున్నత పురస్కారం రూజ్‌వెల్ట్ పేరు మీదే ఉన్నది. కళాశాలలో ఆడి, అనంతర జీవితంలో రాణించినవారికి లభిస్తుంది.

1967లో తొలి గ్రహీత ఐజన్‌హోవర్. 1912లో మోకాలు దెబ్బతిని ఆయన ఆట ముగిసింది. వైద్యుడిగా నాకీ సంగతే ముందు కనబడుతుంది.

2004లో అలన్ పేజ్‌కు దక్కింది. నోటర్‌డామ్‌లో ఆడిన పేజ్, వృత్తి క్రీడాకారుడిగా ఉంటూనే 1978లో న్యాయశాస్త్ర పట్టా పొంది, 1993లో మిన్నెసోటా సుప్రీంకోర్టులో తొలి నల్లజాతి న్యాయమూర్తి అయ్యారు. ఆ దంపతులు 1988లో నెలకొల్పిన సంస్థ నుంచి విద్యార్థివేతనం పొందేవారు బడిపిల్లలకు చదువులో తోడ్పడాలి.