ఆసుపత్రి తలుపులు - వేలి గాయాల నివారణ

ఆసుపత్రి తలుపుల వలన కలిగే వేలి గాయాలు అనగా తలుపు రెక్కకూ ద్వారబంధానికీ మధ్య వేళ్ళు ఇరుక్కొని నలగడం వలన ఏర్పడే గాయాలు. గోరు కింద రక్తం గడ్డకట్టడం మొదలుకొని ఎముక విరగడం, వేలి కొన తెగిపోవడం వరకు వీటి తీవ్రత ఉంటుంది. తలుపుల వలన వేళ్ళు నలిగేది ఎక్కువగా చిన్నపిల్లలకే. ఆసుపత్రులలో మాత్రం ఆసరా కోసం ద్వారబంధాన్ని పట్టుకొనే వృద్ధులు, చక్రాల కుర్చీలోనూ స్ట్రెచరు మీదా ఉన్న రోగులు కూడా ఈ ప్రమాదానికి లోనవుతారు.

కారణాలు

తలుపు పిడి వైపు ఉండే సందు అందరికీ కనబడుతుంది. మడతబందుల వైపు సందు తలుపు తెరిచినప్పుడు వెడల్పయి, మూసినప్పుడు ఇరుకవుతుంది. ఎక్కువ ప్రమాదకరమైనది ఇదే. దీనికి కారణం బల భ్రామకం. బందు నుండి 80 సెం.మీ. దూరంలో ఉన్న పిడిని 5 కిలోల బలంతో తోస్తే, బందుకు 2 సెం.మీ. దూరంలో ఉన్న వేలిపై సుమారు 200 కిలోల బలం పడుతుంది (5 × 80 ÷ 2 = 200). అడకత్తెరలో పోకచెక్క నలిగేది కూడా ఈ సూత్రం వలననే. తలుపు మూసే వ్యక్తికి ఆ వేలు కనబడదు. అడ్డు తగిలినట్లు చేతికి తెలియదు.

స్ట్రెచర్లు పట్టడానికి ఆసుపత్రి తలుపులను వెడల్పుగా, బరువుగా నిర్మిస్తారు. అగ్నినిరోధక తలుపులు వాటంతటవే మూసుకొంటాయి. రెండు వైపులకూ తెరుచుకొనే తలుపులలో అవతలి మనిషి ఉన్నట్లు తెలియకపోవచ్చు.

నివారణ పద్ధతులు

* బందుల వైపు సందును కప్పే ప్లాస్టిక్ లేదా రబ్బరు పట్టీలను (ఫింగర్ గార్డులు) తలుపుకు రెండు ముఖాలా బిగించాలి. ఇవి తేలికగా తుడిచి శుభ్రపరచగలిగేవి కావాలి.
* డోర్ క్లోజర్ వేగాన్ని తగ్గించి, తలుపు చివరి వరకు నెమ్మదిగా మూసుకొనేలా సరిచేయాలి.
* తలుపు రెక్కకు అద్దపు కిటికీ అమర్చాలి.
* వృద్ధులు ద్వారబంధాన్ని పట్టుకోకుండా, గోడకు పట్టుకమ్మీలు ఏర్పాటు చేయాలి.
* స్ట్రెచరు తలుపు దాటే ముందు రోగి చేతులు లోపల ఉన్నాయో లేవో సిబ్బంది చూడాలి.

అగ్ని భద్రతతో సంబంధం

వేళ్ళు నలుగుతాయని అగ్నినిరోధక తలుపులకు చెక్కముక్కలు, ఇటుకలు అడ్డుపెట్టి తెరిచి ఉంచడం సరికాదు. 2011 డిసెంబరు 9న కోల్‌కతాలోని ఒక ఆసుపత్రిలో జరిగిన అగ్నిప్రమాదంలో సుమారు 90 మంది మరణించారు. వారిలో అత్యధికులు పొగకు ఊపిరాడక చనిపోయినవారే. పొగను అడ్డుకోవడమే ఈ తలుపుల ప్రయోజనం. తలుపు తెరిచి ఉంచవలసిన చోట, అగ్ని హెచ్చరిక మోగగానే తలుపును వదిలివేసే విద్యుదయస్కాంత పట్టీలను వాడాలి. ఫింగర్ గార్డులు కూడా తలుపు పూర్తిగా మూసుకోవడానికి అడ్డురాకూడదు.

ప్రథమ చికిత్స

నలిగిన వేలికి ఉంగరం ఉంటే వాపు రాకముందే తీయాలి. చేతిని పైకెత్తి ఉంచి, గుడ్డలో చుట్టిన మంచుగడ్డను అద్దాలి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో అదిమిపట్టాలి. తెగిన భాగాన్ని తడి గాజుగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో మూసి, ఆ సంచిని మంచునీటిలో ఉంచి వెంటనే వైద్యునికి అందించాలి. తెగిన భాగానికి మంచు నేరుగా తగలకూడదు.