జగిత్యాలలో ఎన్ని అక్షరాలు?

కంపైలర్ డిజైన్ ల్యాబ్‌లో మొదట రాసేది లెక్సర్. సోర్స్ కోడ్‌ని ఒక్కో క్యారెక్టర్ చొప్పున చదువుతూ కీవర్డ్, పేరు, సంఖ్య, ఆపరేటర్ అని టోకెన్లుగా విడగొట్టి పార్సర్ చేతికి ఇవ్వడం దాని పని. టోకెన్ల గురించి, స్టేట్ డయాగ్రమ్‌ల గురించి మనం బాగానే చదువుతాం. ‘ఒక్కో క్యారెక్టర్ చొప్పున’ అన్న మాట దగ్గర మాత్రం ఎవరూ ఆగరు. గెట్‌చార్ పిలిస్తే వచ్చేస్తుంది కదా అనుకుంటాం. ఇంగ్లీషులో అయితే నిజమే, వచ్చేస్తుంది. ఒకసారి తెలుగు ఇచ్చి చూడండి.

మన ఊరి పేరే తీసుకుందాం. జగిత్యాలలో ఎన్ని అక్షరాలు? జ, గి, త్యా, ల. నాలుగని ఒకటో తరగతి పిల్లలైనా చెప్తారు. పైథాన్‌లో లెన్‌కి ఇస్తే 8 అంటుంది. యూటీఎఫ్-8లో దాచి బైట్లు లెక్కపెడితే 24. మూడూ కరెక్టే! యూనికోడ్‌లో గుణింతపు గుర్తుకి, పొల్లు గుర్తుకి కూడా విడివిడి నంబర్లు ఉంటాయి. కాబట్టి త్యా అంటే త, పొల్లు, య, దీర్ఘం: నాలుగు కోడ్ పాయింట్లు. తెలుగు కోడ్ పాయింట్ ఒక్కొక్కటి 3 బైట్లు తీసుకుంటుంది. అలాగే కోరుట్ల 3 అక్షరాలు, 7 కోడ్ పాయింట్లు, 21 బైట్లు. సిరిసిల్ల 4 అక్షరాలు, 9 కోడ్ పాయింట్లు, 27 బైట్లు.

దీనివల్ల నష్టం ఏంటంటారా? ఒక ఫారంలో ఊరి పేరుకి 20 బైట్లే కేటాయించారనుకోండి. కోరుట్ల చివరి ‘ల’లో రెండు బైట్లు లోపల, ఒకటి బయట పడుతుంది. స్క్రీన్ మీద ‘కోరుట్’ తర్వాత ఒక ప్రశ్నార్థకం డబ్బా కనిపిస్తుంది. ఫైల్‌ని 4096 బైట్ల ముక్కలుగా చదివినా ఇదే బాధ. 4096ని 3తో భాగిస్తే 1 మిగులుతుంది. అంటే అచ్చంగా తెలుగే ఉన్న ఫైల్‌లో 1365 కోడ్ పాయింట్లు పూర్తిగా వచ్చి, 1366వది మొదటి బైట్ దగ్గరే తెగిపోతుంది. ఆ మిగిలిన బైట్‌ని దాచిపెట్టి తర్వాతి ముక్కకి అతికించే బాధ్యత చదివే ఫంక్షన్‌దే.

సీ భాషలో ఇంకో చిక్కు ఉంది. గెట్‌చార్ ఇచ్చేది క్యార్ కాదు, ఇంట్. ఎందుకంటే 256 రకాల బైట్లతో పాటు ‘ఫైల్ అయిపోయింది’ అని చెప్పడానికి 257వ విలువ ఒకటి కావాలి. తెలుగు కోడ్ పాయింట్‌లో మొదటి బైట్ ఎప్పుడూ 224. చాలా కంప్యూటర్లలో క్యార్ సైన్డ్ కాబట్టి, దాన్ని అందులో పెడితే మైనస్ 32 అయి కూర్చుంటుంది. దాన్ని అలాగే ఈజ్‌ఆల్ఫాకి పంపితే ఏం జరుగుతుందో సీ భాష హామీ ఇవ్వదు.

సరే, బైట్ల నుంచి కోడ్ పాయింట్లు వచ్చాయి. వాటి నుంచి అక్షరాలు ఎలా? లెక్సర్‌కి రెండు ఫంక్షన్లు చాలు. ‘తీసుకో’ అనేది ఒకదాన్ని తీసుకుని ముందుకు జరుగుతుంది. ‘తొంగిచూడు’ అనేది తర్వాతది ఏంటో చెప్తుంది కానీ ముందుకు జరగదు. ‘త’ తీసుకున్నాం. తొంగిచూస్తే పొల్లు, తీసుకో. మళ్లీ తొంగిచూస్తే హల్లు ‘య’, తీసుకో. దీర్ఘం, తీసుకో. ఇప్పుడు ‘ల’ కనిపిస్తోంది. అది కొత్త అక్షరం, ముట్టుకోవద్దు. త్యా పూర్తయింది.

ఈ తొంగిచూడటం మనకి కొత్తేం కాదు. ఛందస్సులో గణవిభజన చేసిన ప్రతివాళ్లూ చేసిందే. కోరుట్లలో ‘రు’ హ్రస్వమే, కానీ తర్వాత ‘ట్ల’ అనే సంయుక్తాక్షరం ఉంది కాబట్టి గురువు అవుతుంది. ‘రు’ని మాత్రమే చూస్తే తేలదు, ఒక అక్షరం ముందుకు చూడాల్సిందే. ఆ లెక్కన కోరుట్ల గురువు, గురువు, లఘువు: త గణం. సిరిసిల్ల లఘువు, లఘువు, గురువు, లఘువు: సలం. రెండూ ఇంద్రగణాలే! జగిత్యాల మాత్రం ఒక్క గణంలో ఇమడదు. ‘ఊరు జగిత్యాల’ అంటే ‘ఊరు జ’ భ గణం, ‘గిత్యాల’ త గణం. పదం విరిగే చోటు వేరు, గణం విరిగే చోటు వేరు.

మన జిల్లాలోని ధర్మపురికి చెందిన శేషప్ప కవి నరసింహ శతకాన్ని సీస పద్యాల్లో రాశాడు. సీసంలో ఒక్కో పాదానికి 6 ఇంద్రగణాలు, తర్వాత 2 సూర్యగణాలు. ఇంద్రగణాలు ఆరు: నగ, నల, సల, భ, ర, త. వీటిలో ఏదీ ఇంకోదాని మొదటి ముక్క కాదు. కాబట్టి లెక్సర్ ఎడమ నుంచి చదువుకుంటూ పోతే గణం ఎక్కడ ముగిసిందో అక్కడే తెలిసిపోతుంది, వెనక్కి రావాల్సిన పని లేదు. సూర్యగణాలు న, హ. మూడు లఘువులు వస్తే అది న గణమా, లేక నలంలో మొదటి మూడా? ఇంద్రగణాల వంతు అయితే నాలుగోది కూడా చదవాలి, సూర్యగణాల వంతు అయితే అక్కడే ఆగాలి. అంటే లెక్సర్ తాను ఎక్కడున్నదీ గుర్తుపెట్టుకోవాలి. కోట్స్ లోపల ఉన్న ‘ఇఫ్’ కీవర్డ్ కాదని గుర్తించేది కూడా ఇలాగే. దీన్నే లెక్సర్ మోడ్ అంటాం.

చివరగా రెండు చిట్కాలు. పైథాన్ 3లో కోరుట్ల అని వేరియబుల్‌కి పేరు పెట్టొచ్చు. కానీ అదే పేరుకి ఈజ్‌ఆల్ఫా ‘ఫాల్స్’ అంటుంది, ఎందుకంటే గుణింతపు గుర్తులు దాని దృష్టిలో అక్షరాలు కావు. పేరు చెల్లుతుందో లేదో చూడటానికి ఈజ్‌ఐడెంటిఫయర్ వాడండి. ఇక ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటల్లో ట కింద వ ఒత్తు పడకుండా ఆపే కనిపించని క్యారెక్టర్ ఒకటి ఉంటుంది. దానితో వేరియబుల్ పేరు పెడితే పైథాన్ ఒప్పుకోదు, తప్పు కంటికి కనపడదు.

ఈసారి ల్యాబ్‌లో లెక్సర్ రాసేటప్పుడు మొదటి టెస్ట్ కేస్‌గా మీ ఊరి పేరు ఇవ్వండి. మూడు లెక్కలూ సరిగ్గా వస్తే, ఆ తర్వాత టోకెన్ల సంగతి చూసుకోవచ్చు.