పాత ఇంటికి కొత్త గది

‘ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు’ అనే సామెత వినని తెలుగువారుండరు. ఈ సామెతలోని ‘చూడు’ అనే క్రియకు ‘అనుభవించి తెలుసుకో’ అని అర్థం. కన్నులతో చూడడమనే అర్థం అక్కడ లేదు. అయినా గృహనిర్మాణ విషయంలో, అందులోనూ ఉన్న ఇంటికి కొత్త భాగాన్ని చేర్చే సందర్భంలో, ఆ క్రియను వాచ్యార్థంలోనే గ్రహించడం మేలు. కట్టడంలోని ప్రతి దశ తన ముందరి దశను కప్పివేస్తుంది. పునాదిని మట్టి కప్పుతుంది. ఇనుప చువ్వలను కాంక్రీటు కప్పుతుంది. ఇటుకల నడుమ ఉన్న సందులను పూత, పూతను రంగు కప్పుతాయి. గృహప్రవేశం నాటికి కంటికి కనిపించేది చాలావరకు రంగు మాత్రమే. ఇంటి బలం ఏయే చోట్ల ఉన్నదో, ఆ చోట్లన్నీ అప్పటికే కనుమరుగై ఉంటాయి.

మహాభారతంలోని లక్క ఇంటి కథ విద్యార్థులకు తెలిసినదే. వారణావతంలో పురోచనుడు పాండవుల కోసం లక్క, నెయ్యి మొదలైన మండే పదార్థాలతో ఇల్లు కట్టించాడు. చూపరులకు అది రమ్యమైన భవనమే. ధర్మరాజు వాసనను బట్టి గోడలలో ఏమున్నదో గ్రహించాడు. విదురుడు ముందుగానే హెచ్చరించి ఉండడం వల్ల ఆయన జాగరూకుడై ఉన్నాడు. మన ఇళ్ళను కట్టే మేస్త్రీలు పురోచనులు కారు. వారిలో అత్యధికులు నిజాయితీగా పనిచేసేవారే. అయినా త్వరపాటు వల్లనో, అలవాటు వల్లనో జరిగే లోపాలు పూత వెనుక దాగి ఉంటాయి. వాటిని వాసన చూసి కనిపెట్టడం ఎవరికీ సాధ్యం కాదు.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల నడుమ ఉన్న గరిడేపల్లి ఒకప్పుడు నల్లగొండ జిల్లాలోనిది. 2016 అక్టోబరు 11న సూర్యాపేట జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. ఈ ప్రాంతపు జీవనాన్ని మార్చినది నాగార్జునసాగర్ ఎడమ కాలువ. 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ ఆ ప్రాజెక్టుకు శంకుస్థాపన చేయగా, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడుదల చేశారు. నీటితో వరి వచ్చింది. పంట చేతికి వచ్చిన ఇళ్ళ రూపం క్రమంగా మారింది. మట్టిగోడల మీద దూలాలు, వాసాలు పరిచి గూనపెంకులు కప్పిన ఇళ్ళ పక్కన స్లాబు గదులు వెలిశాయి. దక్షిణాన మట్టంపల్లి, మేళ్ళచెరువు ప్రాంతాలలో సున్నపురాయి నిక్షేపాలు, వాటి ఆధారంగా సిమెంటు కర్మాగారాలు ఉన్నాయి. సిమెంటు ఇక్కడివారికి పరాయి వస్తువు కాదు. కాని సిమెంటు లారీలను నిత్యం చూసేవారందరికీ సిమెంటు ఎట్లా గట్టిపడుతుందో తెలుసునని చెప్పలేము. ఆ విషయం తరువాత చూద్దాం.

కుటుంబం పెరిగినప్పుడు ఇల్లు కూడా పెరగాలి. కొడుకు పెండ్లి కుదిరినప్పుడో, పిల్లల చదువుకు ఒక అర్ర కావలసి వచ్చినప్పుడో పూర్వులు పాత గోడకు ఆనించి వసారా దించేవారు. అది తేలికపాటి కప్పు. దాని బరువును పాత గోడ సులభంగా మోసేది. నేడు చేర్చేది స్లాబు గది. మట్టితోనో సున్నంతోనో కట్టిన పాత గోడ మీద కొత్త స్లాబు బరువును ఆనించడం ప్రమాదకరం. పాత ఇంటి మీద అంతస్తు వేయదలచినవారికి ఈ హెచ్చరిక మరింత అవసరం. ఆ పునాది ఎంత బరువును మోయగలదో ఇంజనీరు చూసి చెప్పనిదే ఒక్క ఇటుక కూడా పైకి ఎక్కించరాదు.

పునాది తవ్వే దశ అన్నింటికంటె తక్కువ ఆకర్షణ గలది, ఎక్కువ శ్రద్ధ కోరేది. నేల నల్లరేగడి అయితే వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకొని నెర్రెలు విచ్చుతుంది. ఆ కదలికకు లోబడే పైపొరలో పునాది వేస్తే గోడలు కూడా కదులుతాయి. కనుక నెర్రెలు దిగే లోతును దాటి తవ్వి, గోతిలో మొరం నింపి దట్టించి, దాని మీద పునాది నిలపాలి. ఈ జ్ఞానం మన పూర్వులకు కొత్తది కాదు. సూర్యాపేట సమీపంలోని పిల్లలమర్రిలో ఆలయాలు నిర్మించిన రేచర్ల వంశానికే చెందిన రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో రామప్ప దేవాలయాన్ని నిర్మింపజేశాడు. దాని పునాది గోతిని ఇసుకతో నింపి, ఆ పరుపు మీద ఆలయాన్ని నిలిపారు. 2021లో యునెస్కో ఆ ఆలయాన్ని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. సందర్శకులు నందిని, శిల్పాలను చూసి వస్తారు. ఇసుకను చూసేవారు లేరు.

కొత్త గోతిని తవ్వేటప్పుడు పాత పునాదిని మరువరాదు. దాని పక్కనే దానికంటె లోతుగా తవ్వితే పాత పునాది కింది మట్టి గోతిలోకి జారుతుంది. నిన్నటి వరకు నిశ్చలంగా నిలిచిన గోడ ఒక్క వానకే కూలవచ్చు. గోతిని ఒకేసారి పొడవునా తవ్వక కొంత కొంతగా తవ్వి, కట్టి, పూడ్చుతూ పోవడం క్షేమం. పాత గోడలో కొత్త గదికి దర్వాజ తీయవలసి వచ్చినప్పుడు కూడా ముందు పైభాగానికి ఆధారం కల్పించి, అడ్డదూలం నిలిపి, ఆ తరువాతనే కింది గోడను తొలగించాలి. ఇంట్లో మనుషులు నిద్రిస్తూ ఉండగానే సాగే నిర్మాణమిది. ఖాళీ స్థలంలో ఇల్లు కట్టుకొనేవారికి ఈ భయం లేదు.

పాత గోడకు కొత్త గోడను ఎట్లా కలపాలి అన్నది తరచుగా వచ్చే సందేహం. పాత గోడ అంచున ఒక వరుస విడిచి ఒక వరుస ఇటుకను తొలగించి, ఆ ఖాళీలలో కొత్త ఇటుకలను ఇమిడ్చి కట్టడం ఒక పద్ధతి. చూడడానికి రెండూ ఏకమైనట్లు ఉంటాయి. కాని పాత ఇల్లు ఏనాడో నేలలో కుదురుకొన్నది. కొత్తది తన బరువుతో ఇంకా కొంత దిగవలసి ఉన్నది. ఒకటి నిలిచి మరొకటి దిగితే కలిపిన చోటనే బీట పడుతుంది. అందుచేత కొత్త గదిని తన స్తంభాల మీద తాను నిలిచేటట్లు కట్టి, రెండు గోడల నడుమ సన్నని సందు విడిచి, అందులో మెత్తని పదార్థం నింపి, వాన నీరు దిగకుండా పైన రేకు అమర్చడం ఉత్తమం. వ్యాకరణంలో సంధి జరగనప్పుడు రెండు పదాలు పక్కపక్కనే ఉండి కూడా తమ రూపాలను నిలుపుకొంటాయి. ఈ గోడలకూ ఆ విసంధియే హితం.

ఇక స్లాబు. ఇంటివారికి అది పండుగ రోజు. కొబ్బరికాయ కొడతారు, పనివారికి భోజనాలు పెడతారు. కాని చూడవలసినది ఆ ముందు రోజు సాయంకాలం. చువ్వలు చెక్క మీద ఆనకుండా వాటి కింద చిన్న బిళ్ళలు పెట్టి కనీసం 20 మిల్లీమీటర్ల ఎడం ఉంచారా? లేకపోతే ఆ చువ్వలకు తేమ తగిలి తుప్పు పడుతుంది. తుప్పు ఉబ్బి కాంక్రీటు పెచ్చులుగా ఊడుతుంది. కిటికీ మీది సజ్జ విషయంలో మరింత జాగ్రత్త కావాలి. గది స్లాబు నడుమ భాగం బరువుకు కిందివైపు సాగుతుంది కనుక అక్కడ ఇనుము కింద ఉండాలి. సజ్జ ఒక అంచున మాత్రమే ఆధారం గలది. అది పైవైపు సాగుతుంది కనుక ఇనుము పైన ఉండాలి. పనివారు తిరిగేటప్పుడు కాలి కింద ఆ చువ్వలు అణగిపోతే సజ్జలో ఇనుము ఉండి కూడా లేనట్లే. ఇది కాంక్రీటు పోయకముందు ఒక్క చూపుతో తెలిసే విషయం. పోసిన తరువాత తెలిసేది సజ్జ విరిగినప్పుడే.

పోసే రోజున గమనించవలసినది నీరు. సాధారణంగా ఒక పాలు సిమెంటు, ఒకటిన్నర పాళ్ళు ఇసుక, మూడు పాళ్ళు కంకర కలుపుతారు. పని సులువు కావడానికి పనివారు నీరు ఎక్కువ పోస్తారు. ఆ అదనపు నీరు ఆవిరై వెళ్ళిన చోట సన్నని రంధ్రాలు మిగిలి కాంక్రీటు బలహీనమవుతుంది. ఇదే నీటిని మరునాటి నుండి ఎంత ఇచ్చినా తక్కువే. సిమెంటు ఎండి గట్టిపడుతుందని అనేకులు భావిస్తారు. నిజానికి అది నీటితో జరిగే రసాయనిక చర్య వల్ల గట్టిపడుతుంది. తడి ఆరిపోతే ఆ చర్య ఆగిపోతుంది. ఐ.ఎస్. 456 అనే 2000 నాటి భారతీయ ప్రమాణం సాధారణ సిమెంటుకు కనీసం 7 దినాలు, ఎండ తీవ్రంగా ఉన్నప్పుడు లేదా బూడిద మొదలైనవి కలిసిన సిమెంటు వాడినప్పుడు కనీసం 10 దినాలు తడపాలని చెబుతుంది. స్లాబు మీద చిన్న చిన్న గట్లు వేసి మడులు చేసి నీరు నిలుపుతారు. వరి పండించే ఊరిలో ఈ విద్యను వేరుగా నేర్పనక్కరలేదు. కాంక్రీటు బలాన్ని లెక్కించేది 28వ దినాన. అందువల్ల సెంట్రింగు కర్రలను తీయడానికి తొందర కూడదు. ఆధారాల నడుమ దూరం నాలుగున్నర మీటర్లకు లోపు ఉన్న స్లాబుకు కనీసం 7 దినాలు, అంతకు మించితే 14 దినాలు అవి ఉండాలని అదే ప్రమాణం నిర్దేశించింది. ఇవి సాధారణ సిమెంటుకు చెప్పిన కనీస గడువులు. ఇతర సిమెంట్లకు మరికొన్ని దినాలు ఆగవలసి రావచ్చు. కర్రల అద్దె ఆదా చేయడం కోసం కప్పును పణంగా పెట్టడం వివేకం కాదు.

తెలంగాణ ప్రభుత్వం 2024 మార్చి 11న భద్రాచలంలో ప్రారంభించిన ఇందిరమ్మ ఇళ్ళ పథకం కొత్త ఇళ్ళకు ఉద్దేశించినది. అందులో 5 లక్షల రూపాయలను ఒకేసారి ఇవ్వక, పని దశలవారీగా పూర్తి అయినకొద్దీ ఛాయాచిత్రాల ఆధారంతో చెల్లిస్తారు. సొంత సొమ్ముతో గది చేర్చుకొనే గృహస్థుకు కూడా ఈ పద్ధతి అనుసరణీయం. పనికి మించి ముందుగా పైకం ఇస్తే అడిగే అధికారం తగ్గుతుంది. ఒక నోటు పుస్తకంలో తేదీలు, వచ్చిన సిమెంటు బస్తాలు, వాటి మీద అచ్చువేసిన తయారీ వారం, స్లాబు పోసిన దినం, కర్రలు తీసిన దినం రాసి ఉంచాలి. మూడు నెలలకు పైగా నిలవ ఉన్న సిమెంటును పరీక్షింపక వాడరాదు. గోతిని పూడ్చకముందు, చువ్వలు కప్పకముందు, గోడలో కరెంటు గొట్టాల మీద పూత పూయకముందు తీసిన చిత్రాలు తరువాత ఎప్పుడైనా మేకు కొట్టవలసి వచ్చినా పనికి వస్తాయి.

గృహప్రవేశంతో చూసే పని ముగిసినట్లు కాదు. తొలి వానాకాలం, ఆ తరువాతి వేసవి గడిచేవరకు పాత కొత్త గోడలు కలిసిన చోటును గమనిస్తూ ఉండాలి. వెంట్రుక వంటి బీట కనిపిస్తే దానికి అటొక గీత, ఇటొక గీత పెన్సిలుతో గీసి, పక్కన తేదీ వేయాలి. ఆ గీతల నడుమ దూరాన్ని నెలకొకసారి కొలవాలి. మారకపోతే అది పూతలోని బీట, పూడిస్తే సరిపోతుంది. పెరుగుతూ ఉంటే కదులుతున్నది పునాది. అప్పుడు రంగువానిని కాక ఇంజనీరును పిలవాలి.