కోతకు ముందు శస్త్రవైద్యుడు చూచునదేమి?

పెనుగంచిప్రోలు, నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతములలో మేము తిరుగునపుడు తరచుగా వినవచ్చు సందేహమొకటి కలదు. కడుపునొప్పితో విజయవాడ పోయినవారికి ఒక స్కానింగు తీసిన పిదప మరియొకటి కావలెనందురు. చిన్న రంధ్రములతో ఆపరేషను చేసెదమని చెప్పి, తీరా కడుపు కోయుదురు. ఇదంతయు డబ్బు కొరకే కాదా యని పెద్దలు అడుగుచుందురు. అనవసరమైన పరీక్షలు వ్రాయు చోట్లు లేకపోలేదు. ఆ మాట దాచనవసరము లేదు. కాని ఈ రెండు పనులకును న్యాయమైన కారణము కూడ ఉండవచ్చును. మానవ శరీరములు పైకి ఒకే తీరున కనబడినను, లోపలి అమరికలో ఒకదానితో నొకటి పూర్తిగా సరిపోలవు.

నాగార్జునసాగరు ఎడమ కాలువ నీటితో సేద్యము చేయు రైతునకు ఈ సంగతి సులభముగా బోధపడును. ప్రధాన కాలువ ఎటు పోవునో పటము చూచి చెప్పవచ్చును. ఒక చేనికి నీరు తెచ్చు బోదె ఏ గట్టు ప్రక్కగా వచ్చునో పొలమునకు పోయి చూడవలసినదే. రక్తనాళములును అట్టివే. గుండె నుండి వెడలు మహాధమని దాదాపు అందరికిని ఒకే రీతిగా ఉండును. దాని కొమ్మలలో తేడాలు మెండు. ఒక్కొక్క మూత్రపిండమునకు ఒక్కొక్క ధమని ఉన్నట్లు పుస్తకములలో చూపుదురు. వాస్తవమునకు నూటికి సుమారు 25 నుండి 30 మందికి ఒక ప్రక్కనైనను అదనపు ధమని ఉండును. అది సన్ననిదే కదా యని తెంపినచో, అది పోషించు భాగము నీరందని మడివలె చచ్చిపోవును. మూత్రపిండమును దానమిచ్చు వారికి రక్తనాళములు కనబడునట్లు ముందుగా సి.టి. స్కానింగు చేయుట ఇందులకే.

పిత్తాశయములో రాళ్లకు చేయు ఆపరేషను ఇపుడు సర్వసాధారణమైనది. ఈ తేడాల వలన చిక్కు అధికముగా వచ్చునదియు అచటనే. కాలేయము క్రింద పిత్తాశయమునకు పోవు ఒక నాళమును, ఒక ధమనిని కట్టి తెంపవలెను. చూచుటకు చిన్న పని. కాని కొందరికి ఆ నాళము మిక్కిలి పొట్టిది. కొందరికి అది ప్రధాన పైత్యనాళమును అంటిపెట్టుకొని చాల దూరము దిగును. కాలేయమునకు పోవు ధమని కొందరిలో వంపు తిరిగి పిత్తాశయమును ఒరసుకొని పోవును. వాపు వలన అన్నియు అతుకుకొని యున్నపుడు ప్రధాన నాళమునే పిత్తాశయ నాళమని భ్రమించుట సంభవము. దానిని తెంపినచో కామెర్లు వచ్చును, పైత్యరసము కడుపులోనికి కారును, మరల పెద్ద ఆపరేషను తప్పదు. దుర్భిణితో చేయు పద్ధతిలో ఇట్టి గాయము వేయింటికి 3 నుండి 5 వరకు జరుగునని అంచనా. అందువలననే, పిత్తాశయములో ప్రవేశించునవి రెండే యని స్పష్టముగా కనబడిన పిదపనే తెంపవలెనను నియమమును 1995లో అమెరికా శస్త్రవైద్యుడు స్ట్రాస్‌బర్గు, ఆయన సహచరులు ప్రతిపాదించిరి. అట్లు కనబడనపుడు రంధ్రములతో చేయుట మాని కడుపు తెరచి చూచు వైద్యుడు ఓడిపోయినవాడు కాడు. రోగి ప్రాణమును కాపాడుచున్నవాడు. సమ్మతి పత్రముపై సంతకము చేయునపుడు ఈ మాట అందు ఉన్నదా యని అడిగి తెలిసికొనుడు.

మూత్రపిండముల విషయములో మరియొక ప్రమాదము కలదు. సుమారు వేయిమందిలో ఒకరికి పుట్టుకతోనే ఒకే మూత్రపిండముండును. వారికి ఆ సంగతి జీవితాంతము తెలియకపోవచ్చును. కొందరికి మూత్రపిండము నడుము వద్దకు చేరక కటి ప్రదేశముననే నిలిచిపోవును. పొత్తికడుపులో గడ్డ తగిలినది కదా యని, ఉన్న ఒక్క మూత్రపిండమును తీసివేసిన విషాదములు స్కానింగులు లేని కాలమున జరిగినవి. రెండవ మూత్రపిండము ఉన్నదో లేదో చూడనిదే మొదటిదానిని తీయరాదన్నది నేడు తిరుగులేని నియమము.

అపెండిక్సు నొప్పి సామాన్యముగా కుడి పొత్తికడుపున వచ్చును. దాని మొదలు స్థిరముగా ఉన్నను కొన మాత్రము ప్రేగు వెనుకకో, కటిలోనికో పోవును. వెనుకకు పోయినపుడు నడుము నొప్పివలెను, కటిలోనికి దిగినపుడు మూత్రవ్యాధివలెను తోచి కాలహరణమగును. ఇక సుమారు పదివేల మందిలో ఒకరికి గుండె కుడి ప్రక్కను, కాలేయము ఎడమ ప్రక్కను, అవయవములన్నియు అద్దములో చూచినట్లు తారుమారుగా ఉండును. అట్టివారు ఆరోగ్యముగనే జీవింతురు. కాని వారి అపెండిక్సు నొప్పి ఎడమవైపు రావచ్చును.

ఎముకలలోను ఈ తేడాలు కలవు. నూటికి ఒకరికైనను లేకుండ, అరుదుగా కొందరికి మెడపూస నుండి అదనపు ప్రక్కటెముక మొలచును. బరువులెత్తినపుడు చేయి తిమ్మిరెక్కి పాలిపోవుటకు అది కారణము కావచ్చును. నడుము పూసలు అయిదు. కొందరిలో చివరిది త్రికాస్థితో కలిసిపోవును, మరికొందరిలో ఆరవది ఉన్నట్లు కనబడును. లెక్క తప్పినచో ఆపరేషను వేరొక పూసకు జరుగును. కనుక బల్లపై పరుండబెట్టిన పిదప కూడ ఎక్సురే తీసి పూసలను లెక్కింతురు.

పాఠకులు తమ చేతిమీదనే ఒక తేడాను చూడవచ్చును. బొటనవ్రేలిని చిటికెనవ్రేలితో కలిపి మణికట్టును లోపలికి వంచుడు. నడుమ సన్నని త్రాడువలె ఒక స్నాయువు లేచి కనబడును. కొందరికి అది ఉండనే ఉండదు. పట్టులో లోటేమియు తెలియదు. కొడవలి తెగి వ్రేళ్ల స్నాయువులు పోయినపుడు శస్త్రవైద్యులు దీనినే తీసి అతుకుదురు.

గ్రీకు వైద్యుడు గేలెను జంతువులను కోసి వ్రాసిన శరీరశాస్త్రమును ఐరోపా వెయ్యేండ్లకు పైగా నమ్మినది. 1543లో వెసేలియసు మనుష్య దేహములను స్వయముగా పరిశీలించి దానిని సరిదిద్దెను. నేటికిని 1946లో స్థాపితమైన గుంటూరు వైద్య కళాశాలలోను, 1980లో వెలసిన విజయవాడ సిద్ధార్థ వైద్య కళాశాలలోను విద్యార్థులు దేహములనుండియే ఈ విద్య నేర్వవలసి యున్నది. ఒక్క దేహము చూచిన విద్యార్థికి ఒక్క అమరికయే తెలియును. దేహదానము చేయగోరువారు కుటుంబమునకు ముందే తెలిపి, కళాశాల శరీర నిర్మాణ శాఖలో సమ్మతి పత్రమొసగవచ్చును.

ఏ స్కానింగులోనైనను “ఒకే మూత్రపిండము”, “గుండె కుడివైపు” వంటి మాట వ్రాసియున్నచో ఆ కాగితమును రేషను కార్డుతోపాటు భద్రపరచుడు. ఇంటిలో మరియొకరికి కూడ ఆ సంగతి చెప్పి ఉంచుడు. అర్ధరాత్రి ఆసుపత్రికి చేరినపుడు రోగి స్వయముగా చెప్పగల స్థితిలో ఉండకపోవచ్చును.