లారీ బ్యాటరీలోని సీసపు జాలీ

పన్నెండో తరగతికి విద్యుద్రసాయనం చెబుతుంటే వెనక బెంచీ కుర్రాడు లేచాడు. "సార్, మా నాన్న బండి ఎండాకాలమంతా ఇక్కడ బాగానే సెల్ఫ్ అందుకుంది. డిసెంబరులో లోడేసుకుని కశ్మీరు వైపు వెళ్తే అక్కడ పొద్దున్నే లేవలేదు. మెకానిక్ చూసి, దీన్ని చలి చంపలేదు, మీ ఊరి ఎండే చంపింది అన్నాడట. అదెలా సార్?"

ఆ మెకానిక్ మాట అక్షరాలా నిజం. ఎందుకు నిజమో చెప్పాలంటే మాత్రం బ్యాటరీని కోసి లోపలికి చూడాలి. ప్లేట్లూ యాసిడూ అందరికీ తెలిసినవే. నేను చూపించాలనుకున్నది ఆ ప్లేట్ల లోపల పేస్టు కింద దాగి ఉండే సీసపు జాలీని.

మా ఊరు భిలాయ్‌లో మే నెల ఎండ 45 డిగ్రీలు తాకడం కొత్త కాదు. లారీకి బ్యాటరీ పెట్టె ఛాసిస్ పక్కన, రోడ్డు సెగకు ఎదురుగా ఉంటుంది. ఇంజిన్ వేడి ఒకవైపు, తారు వేడి మరోవైపు. లోపలి యాసిడ్ బయటి గాలి కంటే వేడిగా ఉంటుంది. ఇక్కడ ఉక్కు ఎక్కించుకుని బయల్దేరిన లారీ నాలుగైదు రోజుల్లో గడ్డకట్టే చలిలోకి వెళ్లొచ్చు. లద్దాఖ్‌లోని ద్రాస్‌లో శీతాకాలపు రాత్రి సున్నాకి 20 డిగ్రీలు కిందికి పోవడం మామూలే. అంటే ఒకే బ్యాటరీ 65 డిగ్రీల తేడాని తట్టుకోవాలి. పైగా డీజిల్ ఇంజిన్‌కి స్పార్కు ప్లగ్గు ఉండదు. సిలిండరులోని గాలిని పదహారు, పద్దెనిమిదో వంతుకు నొక్కి, ఆ నొక్కుడుకి పుట్టిన వేడితోనే డీజిల్ అంటుకోవాలి. అందుకే రెండు 12 వోల్టుల బ్యాటరీలని వరసగా కలిపి 24 వోల్టులు చేసి, కొన్ని సెకన్ల పాటు వందల ఆంపియర్లు గుంజుతారు.

ఈ సీసం బ్యాటరీ పుట్టింది 1859లో. భిలాయ్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసుని రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ 1959 ఫిబ్రవరి 4న ప్రారంభించారు కాబట్టి, మా ఊరి కొలిమి కంటే సరిగ్గా నూరేళ్లు పెద్దది. పారిస్‌లో గాస్టన్ ప్లాంటే రెండు సీసపు రేకుల మధ్య రబ్బరు పట్టీలు పెట్టి, చుట్టగా చుట్టి, పలచని సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో ముంచాడు. మళ్లీ మళ్లీ చార్జ్ చేయగలిగిన తొలి బ్యాటరీ అదే. కాని రేకు మీద చాలినంత పదార్థం తయారవాలంటే నెలల తరబడి చార్జ్ చేస్తూ, ఖాళీ చేస్తూ పోవాలి. 1881లో కెమిల్ ఫోర్ ఆ ఆలస్యాన్ని ఒక్క దెబ్బతో తీసేశాడు. సీసపు ఆక్సైడుని పేస్టుగా కలిపి రేకుకి పూసేశాడు. ఆ ఏడాది మే నెలలో పారిస్‌లో చార్జ్ చేసిన నాలుగు ఫోర్ సెల్‌లు ఒక పెట్టెలో గ్లాస్గో చేరాయి. అక్కడ వాటిని అందుకున్నది విలియం థామ్సన్, తర్వాత లార్డ్ కెల్విన్ అయిన పెద్దమనిషి. కరెంటుని పెట్టెలో పెట్టి సరిహద్దులు దాటించడం అప్పుడు లోకానికి వింత.

పేస్టు రేకు మీద నిలవలేదు, రాలిపోయింది. దాన్ని పట్టి ఉంచడానికి జాలీ వచ్చింది. అదే ఏడాది జాన్ సెల్లన్ ఆ జాలీకి ఆంటిమొనీ కలిపిన సీసం వాడాడు. స్లాబులో కాంక్రీటుకి ఇనుప ఊచలు ఎలాగో ప్లేటులో పేస్టుకి ఈ జాలీ అలాగ. బరువు అదే మోస్తుంది, కరెంటునీ అదే మోస్తుంది. ఊచ తుప్పు పట్టి ఉబ్బితే స్లాబు పగిలినట్టు, జాలీని యాసిడ్ తిన్నప్పుడు ప్లేటు పగులుతుంది.

బ్యాటరీలో నెగెటివ్ ప్లేటు మీద గుల్లగా ఉండే సీసం, పాజిటివ్ ప్లేటు మీద ముదురు గోధుమరంగు సీసపు డయాక్సైడు. కరెంటు లాగినప్పుడు రెండూ లెడ్ సల్ఫేటుగా మారతాయి, యాసిడ్ కొంత ఖర్చై నీరు పుడుతుంది. చార్జ్ చేస్తే అంతా వెనక్కి వస్తుంది. యాసిడ్ కూడా ఇందులో పాల్గొంటుంది కాబట్టే హైడ్రోమీటరు తేలే ఎత్తుని బట్టి చార్జ్ ఎంతుందో చెప్పేస్తాం. ఒక్కో సెల్ ఇచ్చేది 2 వోల్టుల పైచిలుకు.

నన్ను ఏళ్లుగా వదలనిది ఆ 2 వోల్టులే. నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడదీయడానికి 1.23 వోల్టులు చాలు. బ్యాటరీలో ఉన్నది నీరే, దాని మీద 2 వోల్టులున్నాయి. లెక్క ప్రకారం రాత్రికి రాత్రి ఆ నీరు బుడగలై పోవాలి, బ్యాటరీ తనంతట తానే ఖాళీ అయిపోవాలి. అలా జరగదు. హైడ్రోజన్ వాయువు పుట్టాలంటే హైడ్రోజన్ పరమాణువు లోహం మీద కాసేపు నిలబడి, పక్కనున్న మరో పరమాణువుతో జతకట్టాలి. ప్లాటినం మీద ఆ పని చిటికెలో అవుతుంది. సీసం మీద హైడ్రోజన్‌కి కాలు నిలవదు. ప్లాటినంతో పోలిస్తే సీసం మీద ఈ చర్య వేగం సుమారు వంద కోట్ల రెట్లు తక్కువ. ఇంత చవకైన బ్యాటరీ సాధ్యమవడానికి సీసానికున్న ఈ గుణమే ఆధారం.

అసలు 2 వోల్టులు ఎక్కణ్నుంచి వచ్చాయన్న ప్రశ్నకి 2011లో ఇంకా గొప్ప జవాబు దొరికింది. సీసం కేంద్రకంలో 82 ప్రోటాన్లుంటాయి. వాటి లాగుడికి లోపలి ఎలక్ట్రాన్లు కాంతివేగంలో సుమారు 60 శాతం వేగంతో తిరుగుతాయి. అంత వేగంలో ఐన్‌స్టీన్ సాపేక్షతని లెక్కలోకి తీసుకోక తప్పదు. రాజీవ్ ఆహుజా, పెక్కా ప్యుక్కో బృందం లెక్కగట్టి, ఒక్కో సెల్ ఇచ్చే వోల్టులలో 1.7 నుంచి 1.8 వరకు ఈ సాపేక్షత వల్లే వస్తున్నాయని చూపించింది. అది లేకపోతే సీసం తన పైవరసలోని తగరంలా ప్రవర్తించేది, సీసం బ్యాటరీ అన్నదే ఉండేది కాదు. మా ఊరి నందినీ రోడ్డులో ఉదయం సెల్ఫ్ కొట్టే ప్రతి లారీలోనూ ఐన్‌స్టీన్ సిద్ధాంతం పనిచేస్తోంది. ఈ మాట చెప్పినప్పుడు నా తరగతి మొత్తం నిశ్శబ్దమైపోయింది.

ఇప్పుడు ఆంటిమొనీ దగ్గరికి రావాలి. వట్టి సీసం మెత్తన. పోతపోస్తే జాలీ వంగిపోతుంది. ఆంటిమొనీ కలిపితే గట్టిపడుతుంది, పేస్టునీ బాగా పట్టుకుంటుంది. కాని పాజిటివ్ జాలీ కొద్దికొద్దిగా అరిగిపోతుంటే ఆంటిమొనీ యాసిడ్‌లోకి దిగి, ఈదుకుంటూ వెళ్లి నెగెటివ్ ప్లేటు మీద కూర్చుంటుంది. హైడ్రోజన్‌కి సీసం ఇవ్వని చోటు ఆంటిమొనీ ఇస్తుంది. దాంతో బుడగలు మొదలవుతాయి, నీరు తగ్గుతుంది. పాతకాలపు బ్యాటరీకి అస్తమానం డిస్టిల్డ్ వాటర్ పోయాల్సి రావడానికి కారణం ఇదే.

1935లో బెల్ లేబొరేటరీస్‌లో హేరింగ్, థామస్ అన్న ఇద్దరు టెలిఫోన్ ఎక్స్ఛేంజీల బ్యాటరీల కోసం ఆంటిమొనీ తీసేసి కాల్షియం పెట్టారు. వెయ్యిలో ఒక పాలు కూడా మించని కాల్షియం జాలీని గట్టిపరిచింది, నెగెటివ్ ప్లేటుని పాడుచేయలేదు. 1970లలో కార్లలోకి వచ్చిన, నీళ్లు పోయనక్కర్లేని బ్యాటరీలు దీని పిల్లలే. అయితే కాల్షియం జాలీకీ లోపం ఉంది. బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేసి వదిలేస్తే జాలీకీ పేస్టుకీ మధ్య కరెంటుని అడ్డగించే పొర పుడుతుంది. వేడిలో జాలీ సాగుతుంది కూడా. తగరం కలిపి ఆ లోపాన్ని చాలావరకు సర్దారు. ఆంటిమొనీ పక్షమూ చేతులు ముడుచుకు కూర్చోలేదు. ఒకప్పుడు 5 శాతం దాటి కలిపేదాన్ని 2 శాతం లోపుకి తెచ్చింది. రెండు పక్షాలూ రాజీపడి చేసిందే హైబ్రిడ్ బ్యాటరీ. అందులో పాజిటివ్ జాలీకి కొద్దిపాటి ఆంటిమొనీ, నెగెటివ్ జాలీకి కాల్షియం. ఎగుడుదిగుడు రోడ్ల మీద, తరచూ లోతుగా ఖాళీ అయ్యే లారీకి ఇదే సరైన జోడీ అని నా నమ్మకం.

ఎండ దెబ్బ ఈ జాలీకే తగులుతుంది. చార్జ్ అవుతున్నప్పుడు పాజిటివ్ జాలీలోని సీసం తానూ డయాక్సైడుగా మారాలని చూస్తుంది. అలా మారిన మేర మూడో వంతుకు పైగా ఉబ్బుతుంది. జాలీ సాగుతుంది, పేస్టు వదులవుతుంది, ఊచలు ఒక్కొక్కటే తెగుతాయి. వేడి ప్రతి 10 డిగ్రీలు పెరిగితే బ్యాటరీ ఆయుష్షు సుమారు సగమవుతుందని ఈ రంగంలో అందరూ వాడే లెక్క. 25 డిగ్రీల దగ్గర నాలుగేళ్లు బతికేది నిత్యం 45 దగ్గరే ఉంటే ఏడాదితో సరి.

చలి సంగతి వేరు. చలిలో జాలీ అరగడం దాదాపు ఆగిపోతుంది. చలి బ్యాటరీ ఆయుష్షు తీయదు, ఆ పూటకి బలం మాత్రం గుంజేస్తుంది. సున్నాకి 18 డిగ్రీలు కిందికి వెళ్తే ఇచ్చే శక్తి సగానికి పడిపోతుంది, ఇంజిన్ ఆయిలు చిక్కబడి అడిగే శక్తి పెరుగుతుంది. ఎండలో సగం తెగిన జాలీ భిలాయ్ వెచ్చదనంలో ఎలాగో నెట్టుకొస్తుంది. చలి రెట్టింపు అడిగేసరికి చేతులెత్తేస్తుంది.

దీనికి తోడు మరో రహస్యం ఉంది, దీన్ని చెక్క బయటపెట్టింది. తొలి రోజుల్లో ప్లేట్ల మధ్య పలచని చెక్క పలకలు పెట్టేవారు. వాటిని తీసి రబ్బరు పలకలు పెట్టగానే నెగెటివ్ ప్లేట్లు బలం కోల్పోయాయి, చలిలో మరీ. చెక్కలోంచి లిగ్నిన్ అనే పదార్థం యాసిడ్‌లోకి ఊరి, ఇన్నాళ్లూ నెగెటివ్ ప్లేటు గట్టిపడకుండా కాస్తోందని తర్వాత తేలింది. ఇప్పటికీ నెగెటివ్ పేస్టులో చిటికెడు లిగ్నిన్ పదార్థం కలుపుతారు. చలిలో ప్లేటుని నిలబెట్టే ఆ చిటికెడు పదార్థం అధిక వేడికి చెడిపోతుంది. భిలాయ్ ఎండ కాజేసిన దాని అవసరం ద్రాస్‌లో తెలిసింది. కుర్రాడి ప్రశ్నకి జవాబులో రెండో సగం ఇది.

సీసానికి ఎదురు నిలవాలని అందరికంటే గట్టిగా పట్టుబట్టినవాడు ఎడిసన్. ఇనుము, నికెల్‌తో, యాసిడ్ లేకుండా బ్యాటరీ చేశాడు. 1904 నాటి మొదటి రకం కారిపోతే వెనక్కి తీసుకుని, ఏళ్లు శ్రమించి మొండి బ్యాటరీని తెచ్చాడు. కాని 1912లో కాడిలాక్ కారుకి చార్లెస్ కెట్టరింగ్ సెల్ఫ్ స్టార్టరు పెట్టాడు. క్షణంలో బోలెడంత కరెంటు కుమ్మరించడం సీసానికి చేతనైనంతగా ఎడిసన్ బ్యాటరీకి చేతకాలేదు, చలిలో అసలే చేతకాలేదు. నికెల్-కాడ్మియం మాత్రం ఎండకీ చలికీ సీసం కంటే బాగా ఓరుస్తుంది, హైదరాబాదు హెచ్‌బీఎల్ వాటిని తయారుచేస్తుంది కూడా. ధర లారీ యజమానికి అందేది కాదు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ తేలిక, కాని సున్నా కంటే చల్లగా ఉన్నప్పుడు చార్జ్ చేస్తే లోపల లోహం పేరుకుని పాడవుతుంది. మన దేశంలో గల్లా రామచంద్రనాయుడు 1985లో స్థాపించిన అమరరాజా తిరుపతి దగ్గర కరకంబాడిలో సీసం బ్యాటరీలనే పెద్ద ఎత్తున చేస్తూ వచ్చింది. లారీ సెల్ఫ్‌కి సీసం రాజ్యం ఇంకా చెక్కుచెదరలేదు.

ఇక కొనేటప్పటి సంగతి. లేబులు మీద చలి ఆంపియర్లు, అంటే సీసీఏ, పెద్ద అంకెలో వేసి ఊరిస్తారు. ఒకే పెట్టెలో ఆ అంకె పెంచే సులువైన దారి పలచని ప్లేట్లు ఎక్కువ పెట్టడం. ప్లేటు పలచనైతే జాలీ పలచన, జాలీ పలచనైతే ఎండకి త్వరగా అరిగిపోతుంది. ఏడాదంతా రాయపూర్, దుర్గ్, నాగపూర్ మధ్య తిరిగే బండికి ఆ అంకెతో పనిలేదు. ఆంపియర్-అవర్ ఒకటే అయిన రెండింటిలో బరువైనది తీసుకోవాలి, సీసం ఎక్కువున్నది అదే. మూతలుండి నీళ్లు పోసుకోగలిగే రకమైతే మరీ మంచిది. గాజు పీచు నింపిన సీల్డ్ ఏజీఎం అదురుకీ చలికీ గట్టిదే, కాని వేడికి లోపల తడి ఆరితే తిరిగి పోసే దారి లేదు. ఏడాదిలో సగం లద్దాఖ్ వైపే తిరిగే బండికి మాత్రం నేను ఏజీఎం తీసుకోమంటాను. ఇంటి ఇన్వర్టరుకి వాడే ట్యూబులర్‌ని లారీకి బిగించకండి, సెల్ఫ్ అడిగే ఒక్కసారి ఉప్పెన దాని తరహా కాదు.

యాసిడ్ గాఢత కూడా ఊరిని బట్టి ఉండాలి. చలి దేశాల్లో నిండు చార్జ్‌కి హైడ్రోమీటరు మీద 1.280 పెడితే మన ఎండకి 1.240, 1.250 చాలు. పలచని యాసిడ్ జాలీని తక్కువ తింటుంది. కాని మంచు ప్రాంతంలో బ్యాటరీని ఖాళీగా వదిలితే యాసిడ్ నీటికి దగ్గరై, సున్నాకి పది డిగ్రీలు కిందకి పోకముందే గడ్డకట్టి డబ్బా పగులుతుంది. ఆల్టర్నేటరు వోల్టేజీ కూడా చూపించుకోవాలి. వేడి పెరిగే కొద్దీ ఒక్కో సెల్‌కి డిగ్రీకి మూడు నాలుగు మిల్లీవోల్టులు తగ్గాలి. పన్నెండు సెల్‌ల లారీకి 20 డిగ్రీల పెరుగుదలకి అది ఒక వోల్టు దాకా వస్తుంది.

మా ఊరికి ప్రత్యేకమైన జాగ్రత్త ఒకటుంది. ఇక్కడి గాలిలో ఇనుప దుమ్ము ఎక్కువ. యాసిడ్‌లో పడ్డ ఇనుము పాజిటివ్, నెగెటివ్ ప్లేట్ల మధ్య అటూ ఇటూ తిరుగుతూ, బండి ఆగి ఉన్నా చార్జ్‌ని కరిగించేస్తుంది. మూత తీసేముందు పైభాగం శుభ్రంగా తుడవాలి. బోరు నీరు పోయకూడదు, డిస్టిల్డ్ వాటరే పోయాలి. పాటల పెట్టెకని రెండు బ్యాటరీల్లో ఒకదాని నుంచే 12 వోల్టులు లాగితే అది తగ్గిపోతుంది, రెండోది ఓవర్‌చార్జ్ అయి ఉడుకుతుంది. మార్చినప్పుడు రెండూ ఒకేసారి, ఒకే కంపెనీవి, ఒకే నెలలో తయారైనవి పెట్టండి.

పాత బ్యాటరీని పెరట్లో పగలగొట్టి సీసం కరిగించేవాళ్లకి నాలుగు రూపాయలు ఎక్కువిస్తామన్నా అమ్మకండి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలు వెనక్కి వచ్చేలా చూసే బాధ్యత తయారీదారులదే. కొత్తది కొన్న దుకాణంలోనే పాతది ఇచ్చి రసీదు అడగండి. పెరట్లో కరిగించినప్పుడు లేచే పొగలోని సీసం ఎక్కువగా చేరేది చుట్టుపక్కల ఇళ్ల చిన్నపిల్లల రక్తంలోకే.