అప్‌డేటు పిమ్మట సెల్‌ఫోను బ్యాటరీ ఏల త్వరగా తరుగును?

సెల్‌ఫోనునకు చరవాణి యని పండితులు పేరు పెట్టిరి. పేరు చక్కనిదే గాని మన యూళ్లలో దాని నట్లు పిలుచువారు అరుదు. కావున ఎల్లరకు తెలిసిన ఫోను, బ్యాటరీ, చార్జింగు, యాప్ అను మాటలనే నేనును వాడెదను. శబ్దశుద్ధికంటె అర్థము తెలియుట యిచ్చట ముఖ్యము.

మా గ్రామమున పలువురు పెద్దలు ఒకే ఫిర్యాదుతో నా యరుగు నెక్కుచుందురు. "రాత్రి ఫోను ఏదో అప్‌డేటు అయింది మాస్టారూ, అప్పటినుంచి మధ్యాహ్నానికే చచ్చిపోతోంది" అని వారి మాట. ఇది చిన్న బాధ కాదు. పింఛను జమపడిన సంగతి తెలుపునది ఆ ఫోనే. దూరదేశమున నున్న కొమారుని కంఠము వినిపించునది ఆ ఫోనే. ఎరువుల దుకాణమున సొమ్ము చెల్లించుటయు దానితోనే. అట్టిది పొద్దు వాలకమునుపే కన్నుమూసినచో కంగారు కలుగుట సహజము. ఆ కంగారులో దుకాణమునకు పరుగెత్తి క్రొత్త బ్యాటరీకి సొమ్ము పోయుదురు. ఆ సొమ్ము నిజముగా అవసరమా, కాదా యని ముందుగానే తెలిసికొనుటకు మార్గము కలదు. వైద్యులు చికిత్సకు ముందు నిదానము చూతురు గదా. ఇచ్చటను అదియే క్రమము.

నా సంగతియే మొదట చెప్పెదను. ఒకనాటి రాత్రి నా ఫోను అప్‌డేటు అయ్యెను. మరునాడు ఉదయము 6 గంటలకు నూటికి 100 చూపిన యంకె, మధ్యాహ్నము 1 గంటకు 18కి దిగెను. అంతకు ముందు అదే వాడుకకు రాత్రి పండుకొనువేళ 40 మిగులుచుండెడిది. వీపు తాకిచూడగా జ్వరము తగిలిన పిల్లవాని నుదురువలె వెచ్చగా నుండెను. మండల కేంద్రమున నొక దుకాణమునకు పోతిని. అచ్చటి కుర్రవాడు ఫోనును ఇటు నటు త్రిప్పి, "బ్యాటరీ పోయింది తాతగారూ, పదిహేను వందలవుద్ది" అనెను. ఫోనులోని లెక్కలు తెరచి చూడనైన లేదు. ఆనాడు నా జేబులో అంత సొమ్ము లేకపోవుట నా యదృష్టము. ఇంటికి తిరిగి వచ్చితిని. మూడవనాటికి ఫోను తనంతట స్వస్థత చెందెను. ఆ బ్యాటరీయే నేటికిని పనిచేయుచున్నది.

జరిగిన దేమనగా: ఫోనును నడపు ఆజ్ఞల సంపుటికి సాఫ్టువేరని పేరు. దానిని కంపెనీవారు సవరించి పంపగా ఫోను స్వీకరించుటయే అప్‌డేటు. ఇది ఒక సంసారము ఇల్లు మారుట వంటిది. బండి మీదినుండి సామాను దింపుటతో పని తీరదు. ఏ గిన్నె ఏ గూటిలో నుండవలయునో సర్దుకొనుటకు మరి రెండు మూడు దినములు పట్టును. అట్లే ఆండ్రాయిడ్ ఫోనులలో నొక్కొక్క యాప్‌ను క్రొత్త సాఫ్టువేరునకు తగినట్లు లోలోపల మరల కూర్చవలసి యుండును. యాప్‌లును తమ తమ క్రొత్త ప్రతులను దింపుకొనును. ఐఫోనులలో ఫోటోలను, సందేశములను వెదకుటకు వీలగునట్లు సూచికలు మరల తయారగును. మనుమల ఫోటోలు వేలకొలది నిలువచేసికొన్నవారికి ఈ పని మరింత యెక్కువ. తెర ఆరియున్నపుడును ఇది సాగుచునే యుండును. ఆ వేడియు, ఆ తరుగును దానివలననే. అప్‌డేటు పిమ్మట కొలదికాలము బ్యాటరీపై ఇట్టి ప్రభావము ఉండవచ్చునని ఐఫోను తయారుచేయు ఆపిల్ కంపెనీవారే ప్రకటించియున్నారు.

కాబట్టి మొదటి మూడు దినములు బ్యాటరీ మీద తీర్పు చెప్పరాదు. కాని ఊరక కూర్చుండనక్కరలేదు. ఫోను నొకమారు పూర్తిగా ఆపి, మరల వెలిగింపుడు. రెండు రాత్రులు ఇంటర్నెట్టు ఆపక, చార్జింగు తీగె తగిలించి, గాలి తగులు బల్లమీద ఉంచుడు. తలగడ క్రింద వలదు. ఇట్టి సర్దుబాటు పనులు పెక్కింటిని ఫోను తీగె తగిలియుండి, ఎవరును తాకనివేళ చేసికొనును. మన పెద్దలలో చాలమంది పొదుపునకై రాత్రి ఇంటర్నెట్టును ఆపి, తీగెను ఊడదీసి పండుకొందురు. వారి ఫోనులలో ఆ పని ముగియక పగటికి మిగిలి, బాధ వారము దినములు సాగును.

మూడు నాలుగు దినములైనను తరుగు ఆగనిచో, అప్పుడు లెక్క చూడవలయును. ప్రతి ఫోనులోను ఒక చిట్టా కలదు. సెట్టింగ్‌లలో "బ్యాటరీ" అనుచోట వ్రేలు పెట్టి, "బ్యాటరీ వినియోగం" అనుదానిని తెరచినచో, ఏ యాప్ ఎంత ఖర్చు పెట్టినదో వరుసగా కానవచ్చును. దీనిని చదువుటలో ఒక మెలకువ కలదు. అచ్చట కనిపించు పాళ్లు చాల ఫోనులలో మొత్తము బ్యాటరీలో వంతు కాదు, ఖర్చయినదానిలో వంతు. మీరు రెండు గంటలు వీడియో చూచినచో వీడియో యాప్ అగ్రస్థానమున నుండుట దోషము కాదు. మీరు తెరువనే తెరువని యాప్, లేక రోజున కొక్క నిముషము తెరచు యాప్, అగ్రస్థానమున కూర్చున్నచో దొంగ దొరికినట్లే.

మా వీధిలోని యొక పెద్ద ఫోనులో నేనీ చిట్టా తెరచితిని. ఖర్చయినదానిలో నూటికి 37 పాళ్లు ఒక పంచాంగపు యాప్ పేరనుండెను! "తిథి చూసుకోవడానికి పొద్దున్నే ఒక్కసారి తెరుస్తానండీ, అంతే" అని ఆయన నిర్ఘాంతపోయెను. సూర్యోదయము ఊరూరికి మారును గాన ఆ యాప్ మన మున్న చోటు తెలిసికొన గోరుట న్యాయమే. కాని అది ఉపగ్రహముల సంకేతములతో రేయింబవళ్లు మాటిమాటికి ఆ చోటును వెదకుచుండెను. ఆ యాప్ అనుమతులలో "లొకేషన్" అనుదానిని "యాప్‌ను వాడుచున్నపుడు మాత్రమే" అను నియమమునకు మార్చితిని. దానికి వచ్చిన క్రొత్త ప్రతిని దింపితిని. మరునాటినుండి అది చిట్టాలో అడుగునకు జారెను. గోడమీది పంచాంగము చాలదా యని నేనడుగగా, దానికి కళ్లజోడు వెదకుకొనవలెనని ఆయన సమాధానము.

ఇట్టి యాప్ మీ ఫోనున దొరికినచో క్రమమిది: ముందు దాని క్రొత్త ప్రతిని దింపుడు; తగ్గనిచో చాటున పనిచేయకుండ కట్టడి చేయుడు; అప్పటికిని మాననిచో తీసివేయుడు. కాని ఈ కట్టడి ఉత్సాహమున బ్యాంకు యాప్‌ను, వాట్సాప్‌ను బిగింపకుడు. పిలుపులు, సందేశములు వేళకు అందక కొత్త చిక్కు వచ్చును. చిట్టాలో దొంగ ఎవరో తేలనిచో "సేఫ్ మోడ్" అను పరీక్ష కలదు. ఆండ్రాయిడ్ ఫోనులలో ఇది మనము చేర్చుకొన్న యాప్‌ల నన్నిటిని తాత్కాలికముగా నిద్రపుచ్చును. ఒక పూట అట్లుంచగా తరుగు తగ్గినచో దోషము మన యాప్‌లలోనే యున్నదని సిద్ధాంతము. దీనికి మాత్రము ఇంటిలోని కుర్రవారి సాయము మేలు.

పల్లెలలో మరియొక కారణము కలదు, పట్టణములవారు దానిని తలపెట్టరు. అది సిగ్నలు. టవరు దూరమైనకొలది ఫోను గొంతు పెద్దది చేసి పలుకవలసియుండును. గొంతు పెద్దదైనకొలది బ్యాటరీ ఖర్చు. మన దేశమున 2022 అక్టోబరులో 5జీ ఆరంభమైనది. ఊరి పొలిమేరలలో 5జీ లీలగా తగులుచు, తప్పుచు నుండినచో ఫోను దానికిని 4జీకిని నడుమ ఊగులాడుచుండును. అప్‌డేటు తరువాత మొబైల్ నెట్‌వర్కు సెట్టింగును ఒకమారు చూచి, 4జీ మాత్రమే యని యుంచి, రెండు దినములు పరీక్షింపుడు. అంతకు దిగువకు మాత్రము పోవలదు. జియోవారికి 2జీ, 3జీలు లేవు. ఆ ఖాతాదారుడు దిగువకు దింపినచో ఫోను మూగవోవును.

తెర వెలుగు తగ్గించుట అందరకు తెలిసినదే. అప్‌డేటు పిమ్మట, ఆపియుంచిన ఫోనులోను గడియారము వెలుగుచుండు ఏర్పాటు క్రొత్తగా వచ్చియుండినచో దానిని మాన్పుడు. చాలును.

ఇక నిజముగా బ్యాటరీయే అరిగియుండుట. లిథియం అయాను బ్యాటరీని సోనీ కంపెనీ 1991లో మొదట విపణిలో పెట్టెను. దానికి మూలమైన పరిశోధనలకై గుడెనఫ్, విటింగ్‌హామ్, యోషినో అను మువ్వురకు 2019లో నోబెలు బహుమానము వచ్చెను. చార్జి పెట్టునపుడు లిథియము కణములు ఒక పలకనుండి రెండవ పలకకు పోవును. వాడునపుడు తిరిగి వచ్చును. ఈ రాకపోకలలో ప్రతిసారియు కొంచెము నష్టము. 100 పాళ్లు ఖర్చగుట ఒక చక్రము. నేడు 60, రేపు 40 అయినను కలిపి ఒకటియే. ఐఫోను 14 వరకు వచ్చిన ఐఫోనులు 500 చక్రముల పిమ్మటను, 15 మొదలుకొని వచ్చినవి 1000 చక్రముల పిమ్మటను, తొలి శక్తిలో నూటికి 80 నిలుపునట్లు నిర్మింపబడినవని ఆపిల్ వారి మాట. ఎండలో, వేడిలో ఈ యరుగుదల త్వరపడును. మన వేసవి సంగతి చెప్పనేల! వారమునకొకమారు బ్యాటరీని పూర్తిగా సున్నకు దింపవలెనను పాత సలహా నికెల్ కాడ్మియము బ్యాటరీల కాలపుది. దీనికి అది హాని.

అరిగిన బ్యాటరీకిని అప్‌డేటునకును నిజముగా సంబంధమున్న సందర్భములును కలవు. 2017 జనవరిలో ఆపిల్ వారు పంపిన అప్‌డేటు, అరిగిన బ్యాటరీలుగల కొన్ని ఐఫోనులు హఠాత్తుగా ఆరిపోకుండ వాని వేగమును తగ్గించెను. ఈ సంగతిని కంపెనీ ఆ సంవత్సరము డిసెంబరున ఒప్పుకొని, అమెరికాలో 79 డాలర్లున్న బ్యాటరీ మార్పిడి వెలను 29కి దించెను. 2018 మార్చిలో బ్యాటరీ ఆరోగ్యమును చూపు పుటను ఫోనులో చేర్చెను. 2025 జనవరిలో గూగుల్ వారు పిక్సెల్ 4ఏ అను ఫోనునకు పంపిన అప్‌డేటు, వేడెక్కు ప్రమాదము తగ్గించుటకై, కొన్నిటి బ్యాటరీ శక్తిని బుద్ధిపూర్వకముగనే తగ్గించెను; బదులుగా ఉచిత మార్పిడియో, సొమ్మో ఇత్తుమని ప్రకటించిరి. కనుక అప్‌డేటువలన ఏమియు కాదనువారి మాటయు, అంతయు దానివలననే యనువారి మాటయు పూర్తి సత్యములు కావు.

ఫోను మూడు నాలుగేండ్లు దాటినదై, 30 పాళ్లు చూపుచు నొక్కుమ్మడిగా ఆరిపోవుచున్నచో, చిట్టాలో దొంగ ఎవరును లేనిచో, అప్పుడు బ్యాటరీ మార్చుట న్యాయమైన ఖర్చు. కంపెనీవారి అధికృత కేంద్రమున మార్పింపుడు. చౌకకు దొరకు నకిలీ బ్యాటరీ ఉబ్బి మంట లేచుట కలదు. వెనుక మూత ఉబికినను, తెర అంచు లేచినను ఆ ఫోనునకు ఆ క్షణముననే చార్జింగు ఆపవలయును. నొక్కరాదు, గుచ్చరాదు, చెత్తకుప్పలో వేయరాదు.

ఈ బాధను చూచి కొందరు ఇక అప్‌డేటే వలదందురు. అది తలుపు కిర్రుమనుచున్నదని గడియ పీకివేయుట వంటిది. దొంగలు ప్రవేశించు కన్నములను పూడ్చునవి ఆ యప్‌డేటులే. మీ బ్యాంకు సొమ్ము ఆ ఫోనులోనే యున్నది. బ్యాటరీని ఆదా చేసెదనని చెప్పు యాప్‌లను దింపుకొనవలదు. ముఖ్యముగా, "మీ ఫోను బాగుచేసెదము, ఈ యాప్ పెట్టుకొనుడు" అని అపరిచితుడెవడైన ఫోనులో పలికినచో వినకుడు. అట్టి యాప్ ద్వారా మీ తెరను వాడు తన యింటినుండి చూచును. సొమ్ము పోయినచో వెంటనే 1930 అను సంఖ్యకు ఫోను చేసి ఫిర్యాదు చేయవలయును.

అన్నియు విఫలమైనపుడు ఫోనును తుడిచివేసి క్రొత్తదానివలె మొదలుపెట్టు "ఫ్యాక్టరీ రీసెట్" మిగులును. దుకాణములలో దీనినే మొదట చేయుదురు. మీరు కడపట చేయుడు. ఫోటోలు, ఫోను సంఖ్యలు అన్నియు పోవును గాన ముందుగా వేరొకచోట నిలువచేసికొనవలెను. యూపీఐ మరల నమోదు చేయవలెను. తుడిచిన పిమ్మట ఫోను మీ పాత గూగుల్ ఖాతా పేరును, రహస్యపదమును అడుగవచ్చును. అవి తెలియనిచో ఫోను తెరువబడదు. ఎన్నడో మీ కుర్రవాడు పెట్టిన ఆ రహస్యపదము ఏదో, ఈ సాయంకాలమే వానికి ఫోను చేసి యడిగి, కాగితముమీద వ్రాసికొని భూమి పట్టాలుంచు పెట్టెలో భద్రపరచుడు.