సెంటర్‌లో కనబడనివాళ్లు

చదువూ, పనీ, శిక్షణా ఏదీ లేని యువత అనగానే మనకు గుర్తొచ్చేది కుర్రాళ్లే. ఖమ్మం–సూర్యాపేట రోడ్డు మీది కూసుమంచి సెంటర్‌లో టీకొట్టు దగ్గర ఫోన్ చూసుకునే డిగ్రీ కుర్రాడి లాంటివాళ్లు. అంతర్జాతీయ కార్మిక సంస్థ భాగస్వామిగా 2024లో వెలువడిన భారత ఉపాధి నివేదిక లెక్క వేరుగా ఉంది. 2022లో ఇలాంటివాళ్లు యువకుల్లో 9.8 శాతమైతే, యువతుల్లో 48.4 శాతం. కుర్రాళ్ల బాధ చిన్నదేమీ కాదు. తెలంగాణ గ్రూప్-1 ప్రిలిమ్స్ 2023లోనే రెండుసార్లు రద్దయి, ప్రిపరేషన్‌లో ఉన్నవాళ్ల ఏళ్లు కరిగిపోయాయి. కానీ పథకాలన్నీ 'నాకు ఉద్యోగం లేదు' అని వచ్చి పేరు రాయించుకునేవాళ్లకే. ఆంధ్రప్రదేశ్ 2018లో నెలకు వెయ్యి రూపాయల నిరుద్యోగ భృతి ఇచ్చినా, 2014 నుంచి కేంద్రం గ్రామీణ యువతకు నైపుణ్య శిక్షణ ఇస్తున్నా పద్ధతి అదే. ఇంట్లో వంట, చంటిబిడ్డ, మంచాన పడ్డ అత్తగారు ఉన్న ఇరవై మూడేళ్ల అమ్మాయి పని వెతుక్కోదు, కాబట్టి నిరుద్యోగుల లెక్కలోకే రాదు. మిర్చి ఏరే రోజుల్లో వారంలో గంట సేపు కూలికి పోయినా చాలు, ప్రభుత్వ ఉపాధి సర్వేలో ఆ వారానికి ఉపాధి ఉన్న మనిషే.

పెళ్లయి ఇల్లు చూసుకుంటామన్నవాళ్లను సమస్యగా లెక్కగట్టడం దేనికని అడగవచ్చు. ఇష్టపడి ఉన్నవాళ్లూ ఉంటారు, కాదనను. అయితే ఉపాధి హామీ పని మొదలయ్యాక తెలంగాణ పల్లెల్లో అందులో సగానికి పైగా పనిదినాలు ఆడవాళ్లవే. 2005 నాటి ఆ చట్టంలో పని ఊరికి ఐదు కిలోమీటర్ల లోపు ఉండాలని, పనిచోట ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురు లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే వాళ్లను చూసుకోవడానికి ఒక మనిషిని పెట్టాలని రాశారు. పిల్లల సంగతి చాలాచోట్ల కాగితం మీదే మిగిలినా, దగ్గర్లో సమాన కూలి దొరికితే వస్తారని మాత్రం తేలిపోయింది. హైదరాబాద్ హాస్టల్లో ఉండి నేర్చుకుని అక్కడే ఉద్యోగంలో చేరమనే శిక్షణ ఈ అమ్మాయికి అందని ద్రాక్షే.

2023 డిసెంబరు నుంచి తెలంగాణ ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీ లేదు కనుక ఖమ్మం వెళ్లి రావడానికి ఖర్చు అడ్డు కాదు. మిగిలిన అడ్డు బిడ్డే. అంగన్‌వాడీ బడి మూడేళ్లు నిండినవాళ్లకే. అంతకన్నా చిన్నవాళ్లను కూడా చూసుకునేలా అంగన్‌వాడీలోనే శిశుసంరక్షణ కేంద్రం పెట్టే 'పాల్నా' పథకాన్ని కేంద్రం 2022లో మిషన్ శక్తిలో చేర్చింది. కూసుమంచి లాంటి మండలాల్లో కొత్త శిక్షణ కేంద్రానికి ముగ్గు పోసే ముందు, ఆ శిశుసంరక్షణ కేంద్రాన్ని కూలి వేళలకు సరిపోయేలా నడిపి చూడాలి.